ఎవరిదో చెప్పకూడని సోఫా

విచారణాయన వచ్చిన రోజున వాన పడకపోయి ఉంటే ఈ గొడవే లేదు. పడింది. అలాంటిలాంటి వాన కాదు, కప్పలు కూడా గొడుగుల కోసం వెతుక్కునే వాన. మేస్త్రీ ఇంటిముందు రేకుల పంచలో ఉండే సరుకంతా పొద్దున్నే తండ్రీ కూతుళ్ళు చెరో కొసా పట్టుకుని లోపలికి చేర్చారు. ఇల్లంటే ఎంత? ఒక గది, దాని వెనక వంటిల్లు. ఆ గదిలోకి మఖ్మల్ సోఫా సెట్టూ, సెలూన్లో గిరగిరా తిరిగే కుర్చీ వచ్చి దర్జాగా కూర్చున్నాయి. ఇంటివాళ్ళకి మాత్రం కూర్చోడానికి చోటు లేకపోయింది.

మేస్త్రీ పని చచ్చిన సోఫాలకి ప్రాణం పొయ్యడం. కుంగిన స్ప్రింగులు లేపి కట్టడం, చివికిన గోనెపట్ట తీసేసి కొత్తది లాగి కొట్టడం, పైన కొత్త గుడ్డ తొడగడం. ఆయన చేతికిస్తే ఎండిపోయిన మనిషి కూడా మెత్తబడి బయటికొస్తాడని వీధిలో అనుకునేవాళ్ళు. పనిలో ఆయనకి కుడిచెయ్యి కూతురే. మనిషి బక్కపలచన, ఏ సందులోనైనా దూరుతుంది, మాటంటే గుచ్చుకుంటుంది. అందుకే అందరూ దాన్ని 'సూది' అనే పిలిచేవారు.

ఆ సూదికి పశువైద్య కాలేజీలో సీటొచ్చింది.

"మనుషులు నోరు తెరిచి చెప్పుకుంటేనే డాక్టర్లకి జబ్బేంటో తెలియట్లేదు. గొడ్లు నీకేం చెబుతాయే?" అని తల్లి దెప్పింది. దెప్పిందే కానీ, ఆ కబురు వీధిలో మొదట చాటింది తనే.

సీటు సరే, ఫీజో? గోడలతో సహా ఇల్లమ్మినా సరిపోయేలా లేదు. లేనివాళ్ళ పిల్లలకి ఫీజు కట్టే సాయం కార్యాలయం ఒకటుందని తెలిసి సూది దరఖాస్తు పెట్టింది. వాళ్ళ విచారణ మనిషి ఇంటికొచ్చి, నిజంగా లేనివాళ్ళేనా అని చూసి వెళతాడు. ఆయన ఊఁ అంటే ఉత్తరం వస్తుంది. శనివారంలోగా ఆ ఉత్తరం కాలేజీలో ఇవ్వకపోతే సీటు ఇంకొకరికి పోతుంది.

ఆయన గొడుగు ముడుస్తూ గుమ్మంలోకి వచ్చేసరికి సూది మఖ్మల్ సోఫా వీపుకి ఆఖరి గుండీ బిగిస్తోంది. వంకర సూదిని లోపలినుంచి పైకి లాగి, దారం మెలివేసి, గుండీ గుంటలోకి దిగేదాకా మోకాలితో అదిమిపెట్టి ఉంది. ఆయన పంట్లాం మోకాళ్ళదాకా తడిసింది. చేతిలో అట్ట, దానికి క్లిప్పు, క్లిప్పు కింద కాగితం.

"రండి బాబూ, తడిసిపోయారు. కూర్చోండి, కూర్చోండి," అంటూ తల్లి గబగబా ఎదురెళ్ళింది. గది అంతా చూసింది. వచ్చినవాడు పెద్దమనిషి. ఎక్కడ కూర్చోబెట్టాలి? ఉన్నవాటిలో మంచిదేదో అక్కడే. మఖ్మల్ సోఫా నడిమధ్యన కూర్చోబెట్టింది.

ఆయన కూర్చున్నాడనడం కంటే దిగాడనడం న్యాయం. నడుందాకా మునిగి, మళ్ళీ మెల్లగా పైకి తేలాడు. ఒక్క క్షణం కళ్ళు మూతలు పడ్డాయి. పొద్దుటినుంచీ ఎన్ని గుమ్మాలెక్కి దిగాడో, ఆ నడుము ఇన్నాళ్ళకి ఓ మంచిమాట విన్నట్టుంది.

తరవాత కళ్ళు తెరిచి, చేత్తో మఖ్మల్ నిమిరి, అడిగాడు. "ఇది మీదేనా?"

"పనికొచ్చిందండీ," అన్నాడు మేస్త్రీ.

"అంటే?"

"మరమ్మతుకండీ. మా పని అదే. ఆ కుర్చీ కూడా అంతే."

"ఎవరివి?"

మేస్త్రీ నోరు తెరిచాడు. మూశాడు. భుజంమీది గుడ్డ తీసి చేతులు తుడుచుకున్నాడు. చేతులకి మురికేం లేదు.

"అది చెప్పకూడదండీ."

"ఎందుకు చెప్పకూడదు?"

"పని అలాంటిదండీ."

ఆ పని అలాంటిదే మరి. ఊళ్ళో కొత్తవని చెప్పుకునే సోఫాల్లో సగం మేస్త్రీ పంచలో రెండోసారి పుట్టినవే. ఏ ఇంటిది పాతదో, ఎవరు కొత్తది కొనలేక గుడ్డ మార్పించుకున్నారో ఆయన ఒక్కసారి నోరు జారితే, ఊళ్ళో సగంమంది పరువు వీధిన పడుతుంది. తనకి పని నేర్పిన పెద్దాయన సుత్తి పట్టుకోడం కంటే ముందు నేర్పింది నోరు పట్టుకోడం. వచ్చిన సరుకు ఎవరిదని దేవుడు దిగొచ్చి అడిగినా చెప్పకూడదు. చాలామంది అడిగేవాళ్ళు. టీ తాగించి అడిగేవాళ్ళు, తిట్టి అడిగేవాళ్ళు. మేస్త్రీ ఎవరికీ చెప్పలేదు.

విచారణాయన చెడ్డవాడు కాదు. విసిగిపోయినవాడు.

"చూడండి, ఈ ఉద్యోగంలో నేను వినని కథ లేదు," అన్నాడు. "పోయినవారం ఒకాయన వాకిట్లో కారుంది. ఎవరిదయ్యా అంటే, మా బావమరిదిదన్నాడు. పక్కింట్లో అడిగితే తేలిందేంటంటే, ఆయనకి పెళ్ళీ కాలేదు, అక్కచెల్లెళ్ళూ లేరు! పోనీ, ఆయన కనీసం ఒక బావమరిదిని పుట్టించాడు. మీరు ఆ మాత్రం శ్రమ కూడా పడట్లేదు."

"సార్, నేను చెబుతాను..." అంటూ సూది లేచింది.

"సూదీ!"

మేస్త్రీ గట్టిగా కూడా అనలేదు. కానీ ఆ పిలుపులో ఏముందో, పిల్ల నోట్లో మాట నోట్లోనే ఆగిపోయింది.

విచారణాయన లేచాడు, కాస్త ఇష్టం లేకుండానే. సెలూన్ కుర్చీ దగ్గరికెళ్ళి వేలితో ఒక్క తోపు తోశాడు. అది హుషారుగా రెండు చుట్లు తిరిగి ఆయనకి ఎదురుగా ఆగింది. అదికూడా రాసుకున్నాడు.

ఆయన గొడుగు వీధి మలుపు తిరిగేదాకా ఆగి, తల్లి మొదలుపెట్టింది.

"నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు కానీ, నోరు మూసుకుంటే కూతురు డాక్టరవుతుందని ఎవరూ అనలేదండీ. ఫలానావాళ్ళదండీ అంటే మీ సొమ్మేం పోయేది?"

"నువ్వు తీసుకెళ్ళి దానిమీద కూర్చోబెట్టకుండా ఉంటే నా సొమ్మేం పోయేది కాదు."

"వచ్చినాయన్ని నెత్తిన కూర్చోబెట్టుకోనా? చోటెక్కడుంది!"

సూది ఆగిపోయిన గుండీ దారం పళ్ళతో తెంపి, ముడిని లోపలికి దోపింది.

*

మంచికబురు నత్తమీద వస్తుంది, చెడ్డకబురు గుర్రమెక్కి వస్తుంది. మర్నాడు సూది కార్యాలయానికి వెళ్ళేసరికి జవాబు తయారుగా ఉంది. కౌంటరు వెనక కళ్ళజోడావిడ కాగితం తిప్పి చూపించింది. 'ఇంట విలాసవంతమైన సామగ్రి ఉన్నందున తిరస్కరించడమైనది.'

"తిరిగే కుర్చీ కూడా ఉందటగా?" అంది ఆవిడ, సూదిని పైనుంచి కిందిదాకా చూస్తూ.

"అది సెలూనుదండీ."

"అయితే సెలూనాయన చేత సంతకం పెట్టించుకురా. సోఫా ఎవరిదో వాళ్ళచేత కూడా. అన్నిటికీ సంతకాలుండాలి. ఒక్కటి తగ్గినా కుదరదు. లేదంటే మళ్ళీ విచారణ చెయ్యమని అర్జీ పెట్టుకో. అప్పుడూ ఆయనే వస్తాడు. ఎప్పుడొస్తాడో చెప్పం."

సూది అటునుంచి అటే సెలూన్‌కి వెళ్ళింది. వస్తువు ఎవరిదో వాళ్ళనే అడగడం చెప్పడం కిందికి రాదని దారంతా తనకి తానే నచ్చజెప్పుకుంది.

సెలూన్ బాబాయి కుర్చీ లేక ఒక చెక్కస్టూలుమీద పని నడిపిస్తున్నాడు. గెడ్డం సగం గీయించుకున్న మనిషొకడు స్టూలుమీద అటూ ఇటూ నడుం మార్చుకుంటున్నాడు.

"సంతకమేంటే, వేలిముద్ర కూడా వేస్తాను!" అన్నాడు బాబాయి, సంగతి విని. "ఆ కుర్చీ మా నాన్నది. ఊళ్ళో పెద్దమనుషులంతా దానిమీద నా ముందు తలొంచినవాళ్ళే. అది నీ ఇంట్లో విలాసమైపోయిందా? త్వరగా ఇమ్మని మీ నాన్నకి చెప్పు తల్లీ, ఈ స్టూలుమీద ఒక్కడూ కుదురుగా కూర్చోట్లేదు. పొద్దున ఒకాయన చెవి నా కత్తికి నమస్కారం పెట్టి వెళ్ళింది."

సగం గెడ్డం మనిషి చెయ్యి చటుక్కున చెవిమీదికి పోయింది.

ఒక సంతకం దొరికింది. ఇక మిగిలింది మఖ్మల్ సోఫా తాలూకు మేడావిడ. పెద్ద వీధిలో రెండంతస్తుల మేడ. లోపలినుంచి ఆడవాళ్ళ నవ్వులు, కప్పుల చప్పుడు. గుమ్మంలో సూదిని చూడగానే మేడావిడ మొహంలో రంగు మారింది. చెయ్యి పట్టుకుని మెట్లపక్కకి లాక్కుపోయింది.

"మీ నాన్న ఎవరికైనా చెప్పాడా?"

"లేదండీ. చెప్పలేదు కాబట్టే నేనిలా రావలసొచ్చింది."

సూది సంగతంతా చెప్పింది. మేడావిడ వింటూ వింటూ లోపలికి ఒక చూపు చూసింది.

"ఆ సోఫా ఓడలో వస్తోందని చెప్పానమ్మాయ్," అంది గొంతు తగ్గించి. "లోపలున్నవాళ్ళంతా ఆ ఓడకోసమే ఎదురుచూస్తున్నారు. ఇప్పుడు నేను సంతకం పెట్టి, అది నలుగురి చేతుల్లో పడితే..." ఆగి, సూది మొహం చూసి, కళ్ళు దించుకుంది. "ఇంకేదైనా అడుగు. చీరడుగు, ఇస్తాను. ఇది మాత్రం అడక్కు."

"చీర చూపిస్తే కాలేజీ లోపలికి రానివ్వరండీ," అంది సూది. వెనక్కి తిరిగి మెట్లు దిగింది.

ఇంటికొచ్చేసరికి మేస్త్రీ పంచలో ఒక పాత కుర్చీ చట్రానికి పట్టీ లాగుతున్నాడు. పట్టీని బిర్రుగా లాగి వేలితో మీటితే డోలక్‌లా మోగాలి. మోగేదాకా లాగి మేకు కొట్టేవాడు. సూది జరిగింది చెప్పింది. మేడావిడ దగ్గరికి వెళ్ళానన్నప్పుడు ఆయన చేతిలో పట్టీ సడలింది.

తల్లి ఆ రోజు దెప్పలేదు. ఆవిడ ఊరుకుందంటే వ్యవహారం ముదిరిందని అర్థం.

"రేపు నేనే వెళతాను," అన్నాడు మేస్త్రీ చివరికి. "వెళ్ళి చెప్పేస్తాను. ఆ సోఫా ఫలానావాళ్ళది, నమ్మకపోతే వెళ్ళి చూసుకోండి అని. ఎంతసేపు? ఒక్క మాట."

అన్నాడే కానీ సుత్తి పక్కన పెట్టి, రెండు చేతులూ ఒళ్ళో వేసుకుని కూర్చున్నాడు. నాన్న చేతులు పని లేకుండా ఉండడం సూది ఎప్పుడూ చూడలేదు. ఎవరివో చేతులు తెచ్చి అక్కడ పెట్టినట్టున్నాయి. రేపు ఆయన ఆ మాట అంటే తన చదువు నిలబడుతుంది. కానీ ఇకమీదట ఎవరైనా పంచలోకి వచ్చి సోఫా దించితే, ఆయన వాళ్ళ మొహం చూడలేడు.

"వద్దు నాన్నా," అంది.

"వద్దంటే సీటు?"

"ఎవరివో చెప్పక్కర్లేదు. మనవి కావని తెలిస్తే చాలుగా? నీ పంచలో సరుకు ఎన్నాళ్ళుంటుంది? ఇవాళ్టిది రేపుండదు. ఆయన్ని ఊరికే వచ్చి చూడమందాం. ఒకసారి కాదు, ఎన్నిసార్లయినా. వచ్చినప్పుడల్లా వేరే సరుకుంటుంది. పూటకో సోఫా మార్చే మారాజు ఏ ఊళ్ళోనైనా ఉన్నాడా?"

తల్లికి ప్రాణం లేచొచ్చింది. "ఉంటే వాడికి నిద్ర పట్టక మారుస్తుండాలి," అంది.

సూది ఆ సాయంత్రమే అర్జీ రాసింది. చివర్లో ఒక వాక్యం కలిపింది. 'మా ఇంటికి ముందుగా చెప్పకుండా, ఎప్పుడైనా, ఎన్నిసార్లయినా రావలసిందిగా కోరుతున్నాను.' అలాంటి కోరిక కోరిన అర్జీ ఆ కార్యాలయం పుట్టాక రాలేదని కళ్ళజోడావిడ నలుగురికీ చూపించి మరీ ముద్ర కొట్టిందట.

*

మేడావిడ ఓడ బుధవారం పొద్దున్నే రేవు చేరింది. మఖ్మల్ సోఫా తోపుడుబండిమీద, తల కనపడకుండా దుప్పటి కప్పుకుని వెళ్ళింది. సెలూన్ కుర్చీని బాబాయి స్వయంగా వచ్చి, పెళ్ళికొడుకుని తీసుకెళ్ళినట్టు తీసుకెళ్ళాడు. వాటి చోటులోకి సినిమాహాలు కుర్చీలొచ్చాయి. ఒకదానికొకటి అతుక్కుని వరసగా ఉండే కుర్చీలు, మనిషి లేవగానే తలుపు మూసుకున్నట్టు వాటంతటవే ముడుచుకునేవి. వాటి గుడ్డ చింపితే లోపల ఎవరో ఎప్పుడో దాచుకున్న టిక్కెట్టు ముక్కలూ, వేరుశెనగ పొట్టూ, ఒక పన్నూ దొరికాయి. ఆ పన్ను హాలులో నవ్వి నవ్వి ఊడిందా, ఏడ్చి ఏడ్చి ఊడిందా అని తల్లీ కూతుళ్ళు వాదించుకున్నారు.

విచారణాయన గురువారం మధ్యాహ్నం వచ్చాడు. ఈసారి వాన లేదు. పంచలో ఆ వరస చూసి గుమ్మం ముందే ఆగిపోయాడు.

"సినిమాహాలు కూడా ఉందా మీకు?"

"పనికొచ్చినవండీ," అన్నాడు మేస్త్రీ.

"ఎవరివో చెప్పరు."

"చెప్పనండీ."

"ఇది చెప్పక్కర్లేదు లెండి, నాకూ తెలుసు," అన్నాడాయన. ఊళ్ళో ఉన్నది ఒకటే హాలు మరి. కానీ ఆయన మొహం విప్పారలేదు. గదిలోకి వెళ్ళి, ఖాళీ గోడలు చూసి, నేలమీద సోఫా కాళ్ళు ఆనిన గుర్తులు బూటుకొనతో రుద్ది చూశాడు. "ఆ రోజు మఖ్మల్ సోఫా ఉంది. నేను తిరస్కరించాను. ఇవాళ లేదు. నా అనుభవంలో దీనర్థం ఒకటే. తీసుకెళ్ళి చుట్టాలింట్లో దాచారు."

సూదికి ఒళ్ళు మండింది. తాను వేసిన ఎత్తు తన మెడకే చుట్టుకుంటోంది.

"దాచడానికి మాకెవరున్నారు సార్? మాకు బావమరిది కూడా లేడు."

ఆయన పెదవి ఓ పక్కకి కదిలింది. దగ్గి సర్దుకున్నాడు.

"మళ్ళీ రండి సార్," అంది సూది.

"మళ్ళీ వస్తే ఏం చేస్తారు? సినిమా మారుస్తారా?"

"మారుస్తాం సార్."

"రేపు సాయంత్రానికి నా నివేదికలన్నీ ఇచ్చెయ్యాలమ్మా. ఇంకా నలభై గుమ్మాలు మిగిలే ఉన్నాయి. వీలైతే వస్తాను. మాటివ్వను."

ఆయన వెళ్ళాక సూది వరస చివరి కుర్చీలో కూలబడింది. గిరాకీల వస్తువుల మీద ఇంటివాళ్ళు కూర్చోకూడదని ఆ ఇంట్లో ఒక కట్టడి. మేస్త్రీ చూసి కూడా లెమ్మనలేదు.

*

ఆ సాయంత్రమే ఒకావిడ తోపుడుబండి వెంట రొప్పుతూ వచ్చింది. బండిమీద ముగ్గురు కూర్చునే సోఫా. ఆకుపచ్చ గుడ్డ వెలిసి ఏ రంగూ కాకుండా పోయింది. బండాయన దాన్ని దించుతుంటే ఆవిడ నోరు ఆగలేదు.

"మా ఆయన ఎక్కడో మీరు చేసిన సోఫాలో కూర్చున్నారట! మూడు రోజులై భోజనం దగ్గర అదే పాట. 'కూర్చుంటే మేఘంలో కూర్చున్నట్టుందే, జన్మలో అలాంటి మెత్తన చూడలేదే' అని. ఏ వీధండీ అది అని అడిగాను. చెప్పారు. వాకబు చేసుకుంటూ వచ్చేశాను. దీనిమీద కూర్చుంటే మాకు పోయిన జన్మలో చేసిన పాపాలు గుర్తొస్తాయనుకోండి."

"మంచిదమ్మా," అన్నాడు మేస్త్రీ.

"ఒక్కటే మాట. మా ఆయనకి ఇది తెలియకూడదు. పాతది అమ్మేసి కొత్తది కొన్నానని చెబుతాను. మీరేమీ అనరుగా?"

"ఎవరివో మేమెవరికీ చెప్పమమ్మా."

"ఆ సంగతి కూడా విన్నాను లెండి," అని నవ్వి ఆవిడ వెళ్ళిపోయింది. పేరు చెప్పలేదు, ఆయనా అడగలేదు.

శుక్రవారం పొద్దున సినిమా కుర్చీలు హాలుకి వెళ్ళిపోయాయి. పచ్చసోఫాని లోపలికి తెచ్చి, సూది దాని ఒళ్ళంతా చేత్తో నొక్కుకుంటూ పోయింది. సోఫా పైకి ఎంతో బుద్ధిమంతురాలిలా ఉంది. కానీ కుడివైపు సీటులో, గుడ్డ కిందనే, ఒక స్ప్రింగు తెగి మొన పైకి లేచి ఉంది. పైకి ఏ గుర్తూ లేదు. అదిమితే అరచేతికి చురుక్కుమంది.

మధ్యాహ్నమైంది. ఎవరూ రాలేదు. తల్లి గుమ్మంలోకీ వంటింట్లోకీ తిరుగుతూనే ఉంది. పొద్దు వాలుతుండగా, ఇక రాడనుకుని మేస్త్రీ సోఫా గుడ్డ విప్పడానికి మేకులు లాగే పటకారు అందుకున్నాడు.

"ఉన్నారా?" అన్న గొంతు వినిపించింది.

విచారణాయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. దుమ్ము కొట్టుకుపోయి, అట్ట చంకలో పెట్టుకుని. తల్లి "రండి బాబూ, కూర్చోండి" అంది అలవాటుగా. కూర్చోడానికి ఉన్నది ఆ పచ్చసోఫా ఒక్కటే.

ఆయన దాన్ని చూశాడు. చూస్తూ నిలబడిపోయాడు.

సూది ముందుకొచ్చింది. "సార్, అటు కాదు, అక్కడ..."

ఆ మాట పూర్తి కాలేదు. ఆయన వెళ్ళి కూర్చున్నాడు. కుడివైపు సీటు వదిలేసి, ఎడమ కొసకి, ఒక పక్కకి ఒరిగి. వెనక్కి తిరిగి చూసుకోనైనా చూసుకోలేదు. చెయ్యి దానంతటదే వెళ్ళి సోఫా చేతిమీద గుడ్డ అరిగిన చోట ఆనింది. ఆ అరుగుదల సరిగ్గా ఆ అరచేతి కొలతకే ఉంది.

సూదికి సంగతి అర్థమైపోయింది. తండ్రి వంక చూసింది. మేస్త్రీకి ఏమీ తట్టలేదు, మామూలుగా నిలబడి ఉన్నాడు. తల్లి టీ పెట్టడానికి వెళ్ళింది. ఆ గదిలో ఆ సంగతి తెలిసింది ఇద్దరికే. ఒకరు సోఫాలో ఉన్నారు, ఒకరు నిలబడి ఉన్నారు.

పిల్ల నాలుక చివరకి మాటొచ్చేసింది. 'ఇప్పుడు చెప్పండి సార్, ఇది కూడా మాదేనా?' ఒక్క మాట. కానీ ఆ మాట వెనక నిన్న సాయంత్రం నవ్వుతూ వెళ్ళిన ఆవిడ ఉంది. సూది పళ్ళ మధ్య నాలుక పెట్టి నొక్కి పట్టుకుంది.

"ఇది..." అన్నాడు విచారణాయన, గొంతు సవరించుకుని. "ఇదెప్పుడొచ్చింది?"

"నిన్నండీ," అన్నాడు మేస్త్రీ.

"ఎవరు తెచ్చారు? ఆవిడ ఏమైనా..."

"తెచ్చింది ఆవిడేనని నేననలేదే! ఆవిడో ఆయనో, మేం చెప్పమండీ."

"నేను కార్యాలయం తరఫున అడుగుతున్నాను."

"తమరు ఎవరి తరఫున అడిగినా అంతేనండీ." మేస్త్రీ గొంతులో కోపం లేదు, బతిమాలడం లేదు. "నా కూతురి చదువు తమ చేతిలో ఉందని తెలుసు. తెలిసీ చెప్పట్లేదు. చెప్పగలిగితే మొదటిరోజే చెప్పేవాణ్ణి."

ఆయన తలొంచుకుని సోఫా చేతిని వేళ్ళతో నిమురుతూ ఉండిపోయాడు. భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడా అని టీ తెచ్చిన తల్లి కంగారుపడింది. కాదు, నవ్వు. పైకి రాకుండా లోపల్లోపలే కుదిపేసే నవ్వు. నవ్వి, కళ్ళు తుడుచుకుని, టీ తాగి, అట్టమీద కాగితం పెట్టి రాయడం మొదలుపెట్టాడు. చాలాసేపు రాశాడు. ఒకసారి తలెత్తి సూది వంక చూశాడు. సూది గోడవంక చూసింది.

వెళ్ళబోతూ గుమ్మంలో ఆగాడు.

"మేస్త్రీగారూ." మొదటిరోజునుంచీ 'మీరు' అన్నాడే కానీ 'గారూ' అనడం అదే మొదలు. "ఈ సోఫా తాలూకు మనిషి వచ్చినప్పుడు... నేనిక్కడ దీన్ని చూశానని చెప్పకండి."

"ఎవరొచ్చి చూశారో కూడా మేం చెప్పమండీ," అన్నాడు మేస్త్రీ.

"ఆ కుడివైపు స్ప్రింగు మాత్రం..."

"చూశామండీ," అంది సూది. "మార్చేస్తాం."

*

శనివారం కళ్ళజోడావిడ ఉత్తరం చేతికి ఇవ్వకముందు నివేదిక పైకి చదివింది. చదివి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివింది.

"'ఇంట ఉన్న సామగ్రి యావత్తూ మరమ్మతుకి వచ్చినది. దరఖాస్తుదారు కుటుంబానికి సొంత కుర్చీ ఒక్కటైనా లేదు. నేను మూడుసార్లు స్వయంగా చూశాను. వస్తువులలో ఒకదాని యజమానిని నేను వ్యక్తిగతంగా ఎరుగుదును.' ఎరుగుదునట! ఎవరమ్మాయ్ ఆ యజమాని?"

"నాకేం తెలుసండీ?" అంది సూది, మహా అమాయకంగా. జీవితంలో అంత చక్కని అబద్ధం అంతకు ముందెప్పుడూ ఆడలేదు.

ఉత్తరం తీసుకుని పరుగెత్తింది. కాలేజీలో వరస చీమలబారులా ఉంది. తన వంతు వచ్చేసరికి గుమాస్తా గడియారం చూసుకుంటున్నాడు. ఉత్తరం తిరగేసి, బోర్లించి, వెలుగుకి ఎత్తి చూశాడు. పెద్ద పుస్తకంలో సూది పేరు ఎదురుగా ఖాళీగా ఉన్న గడిలో టిక్కు పెట్టాడు. "సోమవారం నుంచి క్లాసులు. గొడ్లంటే భయం లేదుగా?" అన్నాడు.

"మనుషుల్ని చూసొచ్చాను లెండి," అంది సూది.

ఇంటికి వచ్చేసరికి మేస్త్రీ పచ్చసోఫాకి కొత్త గుడ్డ తొడుగుతున్నాడు. మూల మడత దగ్గర ఉన్నాడు. ఆ మడత ఒకసారి పట్టుకుంటే ఇల్లంటుకున్నా వదలకూడదు. సూది ఎదురుగా నిలబడింది. మొహమే ఊరేగింపులా ఉంది.

మేస్త్రీ మడత వదిలేశాడు.

పంచ దిగి, వీధి నడిమధ్యకి వెళ్ళి నిలబడ్డాడు. ఒక్కసారి గుండెనిండా గాలి పీల్చి, ఎదుటింటి చూరుమీది పావురాలన్నీ లేచిపోయేలా అరిచాడు.

"మా అమ్మాయికి ఫీజు సాయం వచ్చింది! మా అమ్మాయి పశువుల డాక్టరవుతోంది!"

ఆ మనిషికి అంత గొంతుందని వీధిలో ఎవరికీ తెలియదు. తలుపులు తెరుచుకున్నాయి, కిటికీలు తెరుచుకున్నాయి. సెలూన్ బాబాయి కత్తి చేత్తో పట్టుకునే బయటికొచ్చాడు. ఆయన వెనక సబ్బునురగతో సగం మొహం మనిషొకడు. కబురు చేతులు మారుతూ వీధి చివరికి నడిచింది. రెండో ఇల్లు దాటేసరికి సూది గుర్రాల డాక్టరైంది. మలుపు దగ్గర గుర్రాలు ఏనుగులయ్యాయి. పెద్దవీధిలో మేడావిడ చెవిన పడేసరికి, ఓడలో ఎక్కించుకుపోయి ఎక్కడో తిమింగలాలకి వైద్యం చేయిస్తున్నారట.

"అయ్యో, అంత గట్టిగా ఏంటండీ! ఊరంతా వింటోంది," అంటూ తల్లి పరుగెత్తుకొచ్చి భర్త చెయ్యి పట్టి లాగింది. కళ్ళమ్మట నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

"విననీ!" అన్నాడు మేస్త్రీ. చెయ్యి విడిపించుకుని, ఇంకో రెండడుగులు ముందుకేశాడు. "ఇది మనదేనే! ఎవరడిగినా చెప్పుకోవచ్చు."